త్రవ్వకములు, నివేదికలు

పల్నాటి కొండల నడుమ, కృష్ణ కుడియొడ్డున, ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి వెలసిన లోయ నేడు నాగార్జునసాగర జలగర్భమున నున్నది. 1926లో వెలుగునకు వచ్చిన యీ స్థలమును లాంగ్‌హర్స్టుగారు 1927 మొదలు 1931 వరకు త్రవ్వించిరి. ఆనకట్టచే లోయ మునుగుట నిశ్చయము కాగా, కేంద్ర పురావస్తుశాఖవారు శ్రీ ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున 1954 మొదలు 1960 వరకు మరల త్రవ్విరి. విహారములు, స్తూపములు, స్నానఘట్టములు, మెట్లవరుసల ప్రేక్షాగారము బయల్పడినవి. కొన్ని కట్టడములను విప్పి కొండమీద తిరిగి నిలిపిరి. ఇది యందరెరిగినదే. త్రవ్వకమున దినదినము జరుగు పనియెట్టిదో యెరిగినవారు తక్కువ.

అందు గునపముకంటె తాపీకి, తాపీకంటె కుంచెకు నెక్కువ పని. నేలను చదరపు గుంటలుగా విభజించి, నడుమ మట్టికట్టలను త్రవ్వక విడుతురు. ఆ కట్టల ప్రక్కలందే పొరలు కనబడును. మంటి రంగుగాని గట్టిదనముగాని మారెనా, చేయి నిలుపవలెను. ఈ భేదమును పట్టభద్రునికంటె ముందుగా, ఏండ్లతరబడి తట్ట మోసిన కూలివాడు కనిపెట్టుట కలదు. నివేదికలలో వాని పేరు కానరాదు! ఏ పొరలోని పెంకు ఆ పొర తట్టలోనే పడవలెను. తట్ట మారినచో నా పెంకు సాక్ష్యమునకు పనికిరాదు.

తరువాతి పని గుడారములో. పెంకులను కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కదానిపై స్థలము, గుంట, పొర తెలుపు గురుతులను సిరాతో వ్రాయవలెను. దినమున కెన్ని వందలో! చిలుము పట్టిన నాణెము రసాయనశాలకు పోవును. బొగ్గుతునకను చేతితో తాకక భద్రపరుపవలెను. అందలి కర్బనమును పరీక్షించి కాలము నిర్ణయింతురు. రాత్రి దీపము ముందు పర్యవేక్షకుడు దినచర్య వ్రాయును. విసుగు పుట్టించు పనియే. కాని యిది లేనిచో తక్కినదంతయు వట్టి గోతులు త్రవ్వుట.

ఏలయన, ఒకసారి త్రవ్విన పొరను మరల చూచుట యెవ్వరి తరమును గాదు. ఇతర స్థలములందు కొంతభాగమును భావితరములకు విడుతురు. విజయపురికి ఆ యవకాశమును లేదు. ఆ లోయకు మిగిలిన సాక్ష్యములలో ముఖ్యమైనవి యీ కాగితములే. అట్టిచో, నివేదిక మొదటి సంపుటము 1975లో, చారిత్రకయుగమునకు సంబంధించిన రెండవ సంపుటము 2006లో వెలువడినవి. పార దించిన నలువదియారేండ్లకు! ఈ యాలస్యమును క్షమింపజాలము. త్రవ్వకమునకు ద్రవ్యము మంజూరు చేయునపుడే నివేదికకును ద్రవ్యమును, గడువును నిర్ణయింపవలెను. గడువు దాటినవారికి క్రొత్త స్థలము నప్పగింపరాదు. పాత త్రవ్వకముల దినచర్యలకు, వానిని వ్రాసినవారు జీవించియుండగనే, ప్రతులు తీయింపవలెను.