నర్సింగ్ సహాయకులకు వేతనసహిత శిక్షణ: ఎంకపల్లి పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రోగికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మీద ఒత్తిగిలించడం వంటి సేవలు చేసే నర్సింగ్ సహాయకుల వృత్తిలోకి, డబ్బు తీసుకుంటూ పని నేర్చుకొని ప్రవేశించే మార్గం తెలంగాణలో ఏ మేరకు ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రంగారెడ్డి జిల్లాలోని ఎంకపల్లి, మొయినాబాద్, చేవెళ్ల పరిసరాలను నేపథ్యంగా స్వీకరించి, 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని అమెరికాలోని 1987 నాటి చట్టంతో పోల్చి చూస్తుంది. శిక్షణకు చట్టంలో చోటున్నా, ధ్రువపత్రం ఉద్యోగానికి షరతు కాకపోవడమే ఈ మార్గం ఇరుకుగా మిగలడానికి ప్రధాన కారణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నర్సింగ్ సహాయకులు, జనరల్ డ్యూటీ అసిస్టెంట్, అప్రెంటిస్, స్టైపెండ్, ధ్రువపత్రం, ఎంకపల్లి.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే రహదారి మీద మొయినాబాద్, చేవెళ్ల వస్తాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో కాలుష్యకారక పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఈ ప్రాంతపు ఉపాధి స్వరూపాన్ని చాలావరకు నిర్ణయించింది. కర్మాగారాలు రాలేదు. కూరగాయల సాగు, పూలతోటలు, పాలీహౌసులు, ఫాంహౌసులు, వాటితోపాటు విద్యాసంస్థలు వచ్చాయి. ఎంకపల్లిలో ఇంజనీరింగ్ కళాశాలతో పాటు భాస్కర్ వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి ఉన్నాయి. పదో తరగతితో చదువు ఆగిన ఒక యువతికి ఊళ్లో దొరికేది తోటపని, ఇంటిపని. కనుచూపు మేరలో కనిపించేది ఆసుపత్రి. ఈ రెంటి మధ్య దూరాన్ని ఆమె ఎవరి ఖర్చుతో దాటాలన్నదే ఇక్కడి ప్రశ్న.

2. పని స్వరూపం:
మన ఆసుపత్రులలో ఈ పనివారిని 'ఆయా' అనో 'వార్డు బాయ్' అనో పిలుస్తారు. ప్రభుత్వాసుపత్రుల ఒప్పంద పత్రాలలో 'పేషెంట్ కేర్' సిబ్బంది అంటారు. జాతీయ నైపుణ్య వ్యవస్థలో హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ రూపొందించిన అర్హత పేరు 'జనరల్ డ్యూటీ అసిస్టెంట్'. అమెరికాలో 'సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్' అని వ్యవహరించే వృత్తికి మన దగ్గర అతి సమీపమైనది ఇదే.

పేరు ఏదైనా, పైకి కనిపించినంత తేలికైన పని కాదిది. మంచం పట్టిన రోగిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల వద్ద చర్మం ఒరిసి పుండ్లు పడతాయి. తిప్పేటప్పుడు లాగితే అదే చర్మం చిట్లుతుంది. కనుక దుప్పటితో సహా ఎత్తి జరపాలి. పక్షవాతం వచ్చిన వ్యక్తికి వెల్లకిలా పడుకోబెట్టి గంజి పడితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. కూర్చోబెట్టి, ఒక్కొక్క ముద్ద మింగాడో లేదో చూసుకుంటూ పెట్టాలి. తాగిన నీరు, పోసిన మూత్రం కొలిచి రాయాలి. జ్వరం, నాడి చూడాలి. మార్పు కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పాలి. ఇంజెక్షన్ మాత్రం తాను చేయకూడదు. ఎక్కడ ఆగిపోవాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. కానీ బరువైన మనిషిని తన నడుముకు దెబ్బ తగలకుండా ఎత్తడం, సిగ్గుపడే వృద్ధుడికి చాటు చేసి స్నానం చేయించడం మంచం పక్కనే వస్తాయి. అందుకే ఈ వృత్తికి పనిలో ఉంటూ నేర్చుకోవడం సహజమైన పద్ధతి. నర్సుల విద్య కూడా ఇలాగే మొదలైంది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ శిక్షణాలయం ప్రారంభమైనప్పుడు, శిక్షణార్థినులకు భోజనవసతితో పాటు ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చేవారు.

3. అమెరికా చట్టం:
వృద్ధాశ్రమాలలో సేవల దుస్థితిపై వచ్చిన విమర్శల ఫలితంగా అమెరికా 1987లో ఒక సమాఖ్య చట్టం చేసింది. దాని ప్రకారం నర్సింగ్ సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. అందులో 16 గంటలు రోగిని నేరుగా తాకకముందే పూర్తికావాలి: మాట తీరు, అంటువ్యాధుల నివారణ, అత్యవసర జాగ్రత్తలు, రోగి హక్కులు వంటివి ఇందులో చెబుతారు. తరువాత రాత లేదా మౌఖిక పరీక్ష, దానితోపాటు చేసి చూపే పరీక్ష. నెగ్గినవారి పేరు రాష్ట్ర రిజిస్టరులో చేరుతుంది.

ఇందులో మన చర్చకు ముఖ్యమైన నిబంధనలు రెండు. మొదటిది, ధ్రువీకరణ లేని వ్యక్తిని నాలుగు నెలలకు మించి ఆ పనిలో ఉంచుకోరాదు. రెండవది, ఉద్యోగంలో చేరిన, లేదా చేర్చుకుంటామన్న హామీ పొందిన వ్యక్తి నుంచి శిక్షణకు గాని, పుస్తకాలకు గాని రుసుము వసూలు చేయరాదు. ధ్రువపత్రం లేనిదే మనిషి పనికి రాడు. ఆ ధ్రువపత్రం ఖర్చు అతనిమీద వేయడానికి వీల్లేదు. ఇక మిగిలింది యజమాని తానే ఉద్యోగిగా చేర్చుకొని నేర్పించడం. వేతనసహిత శిక్షణ అక్కడ విస్తరించడానికి యజమానుల దయకన్నా ఈ ముడే కారణమని చెప్పవచ్చు. ఇది నిర్దోషమైన వ్యవస్థ అనలేం. 75 గంటలు చాలవని, 120కి పెంచాలని ఆ దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2008లోనే సిఫారసు చేసింది.

4. మన చట్టం, మన లెక్క:
భారతదేశంలో అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. 2014 సవరణ 'ఐచ్ఛిక వృత్తి' అనే వర్గాన్ని చేర్చడంతో, యజమాని స్వయంగా ఎంచుకున్న వృత్తిలో అప్రెంటిస్‌లను తీసుకొనే వీలు కలిగింది. ఆ దారిన ఆసుపత్రి కూడా జనరల్ డ్యూటీ అసిస్టెంట్లను తయారుచేసుకోవచ్చు. 2019 నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ వారిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అయితే ఏ వృత్తిలో తీసుకోవాలన్నది సంస్థ ఇష్టం. కార్యాలయ సహాయకులతోనే ఆ శాతం పూర్తి చేసినా చట్టం తప్పు పట్టదు.

స్టైపెండ్ విషయం మరింత పరిశీలించదగినది. అవే నియమాలు పదో తరగతి చదివిన అప్రెంటిస్‌కు నెలకు 6,000 రూపాయల కనీస మొత్తాన్ని నిర్ణయించాయి. 2016లో ఆరంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో నాలుగో వంతు, 1,500 రూపాయల పరిమితికి లోబడి, కేంద్రం భరిస్తుంది. అంటే సంస్థకు పడే భారం 4,500. ఆసుపత్రికి ఇది పెద్ద మొత్తం కాదు. నేర్చుకొనే మనిషి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. నెలకు 26 పనిదినాలనుకుంటే 6,000 రూపాయలు రోజుకు దాదాపు 231 అవుతాయి. 2025-26లో తెలంగాణకు ప్రకటించిన ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. మట్టి తవ్వకానికి నిర్ణయించిన కూలికన్నా మనిషిని ఎత్తడం నేర్చుకొనే కాలానికి ఇచ్చేది తక్కువ. ఇంట్లో సంపాదించేది తానొక్కతే అయిన స్త్రీ ఈ తేడాను ఎన్ని నెలలు మోయగలదు?

హోదా సమస్య కూడా ఉంది. చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. కార్మిక చట్టాలు వర్తించవు. గాయమైతే పరిహారం ఇవ్వాలని 16వ సెక్షన్, అనుమతి లేకుండా అదనపు గంటలు పనిచేయించరాదని 15వ సెక్షన్ చెబుతున్నాయి. ఇవి విలువైన రక్షణలే. కానీ రాత్రి వార్డులో మనిషి తక్కువైనప్పుడు శిక్షణ ఎక్కడ ముగిసి చాకిరీ ఎక్కడ మొదలవుతుందో చెప్పగలిగేది ఆ వార్డు నర్సు ఒక్కరే.

గ్రామీణ పేద యువత కోసం 2014లో ప్రారంభమైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ ఉచితం. తెలంగాణలో ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ దీన్ని నిర్వహించింది. భోజనవసతి ఉంటుంది. అయితే ఉచిత శిక్షణ వేరు, వేతనసహిత శిక్షణ వేరు. మొదటిది ఖర్చును తప్పిస్తుంది, పోయిన కూలిని తిరిగి ఇవ్వదు.

5. ఎవరి పరిధిలోకీ రాని వృత్తి:
ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుల ప్రమాణాలను 1947 నాటి చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ మండలి చూస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్ వంటి అనుబంధ వృత్తుల కోసం 2021లో వేరే జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. దానిలో అనుబంధ వృత్తినిపుణులకు కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. కొన్ని వందల గంటల్లో ముగిసే సహాయకుల శిక్షణ ఈ రెండింటిలోనూ ఇమడదు. కాబట్టి ధ్రువపత్రం ఉన్న ఆమె, లేని ఆమె ఒకే వార్డులో పక్కపక్కన పనిచేయవచ్చు. జీతం ఒకటే కావచ్చు. ఇటువంటి చోట శిక్షణ మీద సొమ్ము పెట్టడానికి ఆసుపత్రికి గాని, కూలి వదులుకోవడానికి ఆ యువతికి గాని బలమైన కారణం కనిపించదు.

ధ్రువపత్రాన్ని ఒక్కసారిగా తప్పనిసరి చేస్తే ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఆయాలు ముందుగా రోడ్డున పడతారన్న ఆక్షేపణ సహేతుకమైనదే. కొత్తగా వచ్చేవారికి పని నేర్పుతున్నది చాలాచోట్ల వారే. వారికోసం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వానుభవాన్ని పరీక్షించి గుర్తించే విధానం ఇప్పటికే ఉంది. నియమం పెట్టడానికి కొత్త చట్టమే అక్కరలేదు. ప్రభుత్వాసుపత్రులలో పేషెంట్ కేర్ సిబ్బందిని ఏజెన్సీల ద్వారా తీసుకొనే టెండరు పత్రంలో, చేరిన నాలుగు నెలల్లోగా ఏజెన్సీ ఖర్చుతో ధ్రువీకరణ పూర్తికావాలని, ఆ కాలానికి పూర్తి జీతం చెల్లించాలని ఒక షరతు చేర్చవచ్చు. అప్పుడు ఆ యువతి ఆసుపత్రిలో అడుగుపెట్టేది అప్రెంటిస్‌గా కాదు, మొదటి రోజు నుంచే జీతగత్తెగా.