వాలంటీర్ల వెనక మనిషి

1953 ఆగస్టు. కె2 పర్వతం మీద 25,000 అడుగుల ఎత్తున ఒక జట్టు మంచు తుఫానులో చిక్కుకుపోయింది. ఇంకో మూడు వేల అడుగులు ఎక్కితే శిఖరం. అయితే జట్టులో ఆర్ట్ గిల్కీకి కాలిలో రక్తం గడ్డకట్టింది. అడుగు తీసి అడుగు వేయలేడు. నాయకుడు డాక్టర్ చార్లెస్ హ్యూస్టన్, మిగతావాళ్లు శిఖరం మాట వదిలేసి, అతన్ని స్లీపింగ్ బ్యాగులో చుట్టి, తాళ్లతో కిందికి దించడానికి పూనుకున్నారు. గిల్కీ దక్కలేదు. మిగిలిన ఏడుగురూ ప్రాణాలతో దిగివచ్చారు.

తొమ్మిదేళ్ల తర్వాత, 1962లో, ఇదే హ్యూస్టన్ అమెరికన్ వాలంటీర్లను పంపే పీస్ కోర్ సంస్థకు మన దేశంలో తొలి డైరెక్టరుగా వచ్చాడు. కె2 మీద ఆయన పక్కనున్న రాబర్ట్ బేట్స్ అదే ఏడాది నేపాల్‌లో అదే ఉద్యోగంలో చేరాడు. పర్వతారోహకులకు ఈ కొలువేమిటని అనిపించవచ్చు. కానీ ఎవరిని పైకి పంపాలి, ఎప్పుడు వెనక్కి పిలవాలి, ఒక్కడు పడిపోతే అందరూ ఏం చేయాలి అన్నవి తెలిసినవాళ్లే ఈ పనికి కావాలి.

1961 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు కెనెడీ సంతకంతో పీస్ కోర్ పుట్టింది. ఆయన బావ సార్జెంట్ శ్రైవర్ దానికి మొదటి సారథి. ఆ ఆగస్టులోనే 51 మంది ఘనాలో దిగారు, డిసెంబరులో మరో బృందం పంజాబ్ చేరింది. ఆ తర్వాత పదిహేనేళ్ల పాటు అమెరికన్ యువతీ యువకులు మన పల్లెల్లో కోళ్ల పెంపకం, వ్యవసాయం, ఆరోగ్యం వంటి పనులు చేశారు. అందరూ కుర్రవాళ్లే కాదు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ 68 ఏళ్ల వయసులో ముంబై విక్రోలీలో నర్సుగా పనిచేశారు. 1976లో మన దేశంలో ఆ కార్యక్రమం ముగిసింది.

వాలంటీర్ల ఫొటోలు పత్రికల్లో వస్తాయి. దేశ డైరెక్టరు పని మాత్రం బయటికి కనిపించదు. ఒక వాలంటీరు ఊళ్లో దిగకముందే ఆ ఊరు చూసి రావాలి. ఆ మనిషి ఉండబోయే గదికి గడియ సరిగా పడుతుందా, కిటికీకి ఊచలున్నాయా, మంచినీళ్లు ఎక్కడివి, ఫోను సిగ్నలు ఏ మూల అందుతుంది, అర్ధరాత్రి జ్వరమొస్తే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? వీటన్నిటికంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఈ మనిషి కావాలని ఆ బడిగానీ ఆ పంచాయతీగానీ నిజంగా అడిగిందా? అడగని చోటికి పంపితే వాలంటీరు పనిచేసే రెండేళ్లూ వృథా. ఈ విషయంలో డైరెక్టరుకు కళ్లూ చెవులూ స్థానిక ఉద్యోగులే. ఆఫీసులో ఎక్కువమంది వాళ్లే ఉంటారు. వాళ్ల మాట వినని డైరెక్టరు ఎంత చదువుకున్నా రాణించడు.

మాట జారితే ఏమవుతుందో 1961 అక్టోబరులో నైజీరియా చూపించింది. ఇబాదాన్‌లో శిక్షణలో ఉన్న ఒక అమెరికన్ అమ్మాయి అక్కడి వీధి బతుకుల గురించి చులకనగా ధ్వనించే మాటలతో పోస్టుకార్డు రాసింది. అది డబ్బాలో పడకముందే దారిలో జారిపోయి విశ్వవిద్యాలయ విద్యార్థుల చేతికి చిక్కింది. వాళ్లు నకళ్లు తీసి పంచారు, సభలు పెట్టారు, ఈ అతిథులు మాకొద్దన్నారు. ఏడాది కిందటే స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశం అది. వాళ్ల కోపంలో న్యాయముంది. ఆ అమ్మాయి క్షమాపణ చెప్పుకొని స్వదేశం వెళ్లిపోయింది. మిగతావాళ్లు అక్కడే ఉండి, పనిచేసి మన్నన తెచ్చుకున్నారు.

అంతకంటే చేదు అనుభవం 2009లో బెనిన్‌లో ఎదురైంది. సంస్థతో కలిసి పనిచేస్తున్న ఒక స్థానికుడు బడిపిల్లలపై అఘాయిత్యాలు చేస్తున్నాడని ఒక యువ వాలంటీరు గోప్యంగా ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత ఆమె హత్యకు గురైంది. ఫిర్యాదు రహస్యంగా ఉండలేదని ఆమె కుటుంబం నిలదీసింది. ఫిర్యాదుదారుల వివరాలు కాపాడాలని, లైంగిక దాడుల బాధితులకు అండగా నిలవాలని నిర్దేశిస్తూ 2011లో అమెరికాలో ఆమె పేరు మీదే చట్టం వచ్చింది. డైరెక్టరు టేబుల్ మీదికొచ్చే ఒక్కో ఉత్తరం ఒక ప్రాణంతో సమానమని ఈ ఉదంతం చెబుతుంది.

ఈ ఉద్యోగం చదువుతో మాత్రమే చేజిక్కేది కాదు, కింది మెట్టు నుంచి వచ్చినవాళ్లకూ దక్కుతుంది. జోడీ ఓల్సెన్ ప్రయాణమే చూడండి. 1966లో ఆమె ట్యునీషియాలో మామూలు వాలంటీరు. 1979 నాటికి టోగోలో దేశ డైరెక్టరు. 2018లో మొత్తం సంస్థకే డైరెక్టరు. 2020 మార్చిలో కోవిడ్ విరుచుకుపడినప్పుడు 60కి పైగా దేశాల్లోని దాదాపు ఏడు వేల మందిని ఇళ్లకు రప్పించాల్సిన నిర్ణయం ఆమె మీదే పడింది. సంస్థ చరిత్రలో అందరినీ ఒకేసారి వెనక్కి పిలవడం అదే మొదటిసారి. ప్రతి దేశ ఆఫీసులోనూ ఇలాంటి రోజు కోసం ముందే రాసిపెట్టుకున్న ప్రణాళిక ఉంటుంది. మొదట ఉన్నచోటే ఉండమంటారు, తర్వాత ఫలానా పట్నంలో చేరమంటారు, చివరికి దేశం వదలమంటారు. విమానాశ్రయాలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, కొండల్లో ఫోను అందని వాలంటీరుకు కబురు చేరవేయడం ఆ కొద్ది రోజుల్లో డైరెక్టర్ల పని. మళ్లీ తొలి బృందాలు విదేశాలకు వెళ్లింది 2022లోనే.

పీస్ కోర్‌లో ఇంకో విశేషముంది. అక్కడ చాలామంది ఉద్యోగులు అయిదేళ్లకు మించి కొనసాగడానికి వీల్లేదని 1965లోనే నియమం పెట్టుకున్నారు. కుర్చీలకు అతుక్కుపోకుండా కొత్త రక్తం రావాలన్నది ఉద్దేశం. దానివల్ల అనుభవం కూడా గడప దాటిపోతోందన్న విమర్శ ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. ఒక దేశం మనసు పట్టుకోవడానికి అయిదేళ్లు తక్కువే.

మన పిల్లల్లోనూ ఇలాంటి పని మీద ఆసక్తి ఉన్నవాళ్లున్నారు. పీస్ కోర్‌లో వాలంటీర్లుగా అమెరికా పౌరులకే చోటు. అక్కడి పౌరసత్వమున్న తెలుగు కుటుంబాల పిల్లలు దానికి దరఖాస్తు చేయవచ్చు. ఇక్కడివాళ్లకు జర్మనీలోని బాన్ కేంద్రంగా నడిచే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం ఉంది. 1970లో సమితి తీర్మానంతో ఏర్పడిన ఈ కార్యక్రమం జీతం ఇవ్వదు గానీ జీవనభృతి ఇస్తుంది, దరఖాస్తుకు రుసుమేమీ వసూలు చేయదు. విదేశీ సేవ పేరుతో డబ్బు అడిగే ఏజెన్సీలు ఎదురైతే కట్టే ముందు రెండు ప్రశ్నలు వేయండి: మమ్మల్ని రమ్మని అడిగింది ఎవరు? అక్కడ మాకు బాధ్యత వహించే డైరెక్టరు ఎవరు? ఈ రెండింటికీ పేరూ ఊరూ సహా జవాబు రాకపోతే ఆ దరఖాస్తు పక్కన పెట్టేయండి.