లివరు కొనేముందు బ్రేకు చూడండి

గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఏ వసారాలోనో పాత అట్లాస్ సైకిలు గోడకు ఆనించి కనబడుతుంది. 1951లో సోనీపత్‌లో పుట్టిన ఆ కంపెనీ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. సైకిలు మాత్రం గట్టిపిండం. దాన్ని విప్పి, రంగు వేసి, కొత్త హ్యాండిలు బిగించి సొంత సోకు చేసుకోవాలన్న సరదా కుర్రవాళ్ళకు ఉంటుంది. చిక్కంతా బ్రేకు దగ్గరే.

పాత బండికి ఉన్నవి రాడ్ బ్రేకులు. లివరు నొక్కితే ఇనప రాడ్డు పైకి లేచి, రబ్బర్లు రిమ్ము లోపలి అంచును, అంటే పుల్లలు ఉన్న వైపును ఒత్తుతాయి. ఆ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి. దాని బదులు పెట్టుకునే, వైరుతో పనిచేసే కాలిపర్ బ్రేకు రిమ్మును రెండు పక్కల నుంచీ నొక్కుతుంది. దానికి చదునైన పక్కలు కావాలి. కాబట్టి లివరు కంటే ముందు రిమ్ము మార్చాలి. అల్యూమినియం రిమ్మే మేలు. తడిసిన స్టీలు రిమ్ము మీద రబ్బరు జారుతుంది. ఇది కరువు సీమే, కానీ వాన చెప్పి రాదు కదా.

ఇక లివరు. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ లాగే వైరు పొడవు వేరు. కాలిపర్‌కు కొద్దిగా లాగితే చాలు. 1990లలో షిమానో తెచ్చిన వి-బ్రేకుకు దాదాపు రెండింతలు లాగాలి. కాలిపర్ లివరుకు వి-బ్రేకు తగిలిస్తే, రబ్బరు రిమ్మును గట్టిగా పట్టేలోపే లివరు హ్యాండిలుకు తగులుతుంది. అదే వి-బ్రేకు లివరుకు కాలిపర్ తగిలిస్తే చేతికి గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. రెండోదే మరింత ప్రమాదకరం, పైకి బాగున్నట్టే అనిపిస్తుంది గనుక.

హ్యాండిలు లావు కూడా చూడాలి: తిన్నటిదైతే లివరు పట్టే చోట 22.2 మి.మీ., రేసు సైకిళ్ళ వంపు హ్యాండిలైతే 23.8 మి.మీ. ఒకదాని లివరు రెండోదానికి సరిగా కూర్చోదు.

మన దేశంలో కుడిచేతి లివరు ముందు చక్రానిది, అమెరికాలో ఎడమచేతిది. అక్కడి వీడియో చూసి బిగించిన బండిని ఇంట్లో ఇంకొకరు తీసుకుని పాలసముద్రం దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కారనుకోండి. లారీ అడ్డొస్తే చెయ్యి పాత అలవాటు ప్రకారమే నొక్కుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ తొక్కే సైకిలుకు ముందు బ్రేకు కుడివైపే ఉంచండి. రోడ్డెక్కే ముందు ఖాళీ స్థలంలో రెండు లివర్లూ విడివిడిగా నొక్కి చూడండి. ఏది హ్యాండిలుకు తగిలినా వైరు బిగించాకే బయటికి తీయండి.