ఎవరి ఒంటికి వారి స్ప్రింగు

పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతి నేర్పే గదిలో మంచంలా కనిపించే యంత్రం ఒకటి ఉంటుంది. పేరు రిఫార్మర్. చెక్కతోనో అల్యూమినియంతోనో చేసిన పొడవాటి చట్రం, అందులో పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారే మెత్తని బల్ల, ఆ బల్లను చట్రానికి బిగించే నాలుగైదు స్ప్రింగులు. ఒక చివర పాదాలు ఆనించడానికి అడ్డకడ్డీ, మరో చివర కప్పీల మీదుగా వచ్చే రెండు తాళ్లు. మోటారు లేదు, తెర లేదు. ఇవాళ హైదరాబాద్ స్టూడియోల్లో ఉన్నదీ దాదాపు ఇదే రూపం.

దీన్ని కనిపెట్టిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నతనమంతా ఉబ్బసం, రికెట్స్, రుమాటిక్ జ్వరాలతో గడిచింది. ఒళ్లు బాగుచేసుకోవాలన్న పంతంతో జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ పట్టాడు. ఇంగ్లండులో ఉండగా 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. శత్రుదేశస్థుడని నిర్బంధించి, 20 వేల మందికి పైగా ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ శిబిరంలో పెట్టారు. మంచం దిగలేని రోగుల కోసం అక్కడే మంచాలకు స్ప్రింగులు కట్టాడని పిలాటిస్ శిష్యపరంపరలో చెప్పుకుంటారు. పడుకున్న మనిషి చేత కసరత్తు చేయించాలన్న ఆలోచన మాత్రం ఆయన చేసిన యంత్రాలన్నింటిలోనూ కనిపిస్తుంది.

1926 ప్రాంతంలో న్యూయార్క్ చేరి, సహచరి క్లారాతో కలిసి ఎయిత్ ఎవెన్యూలో స్టూడియో తెరిచాడు. 1927లో కసరత్తు యంత్రానికి అమెరికా పేటెంట్ వచ్చింది. చుట్టుపక్కల నాట్యశాలలు ఉండేవి. దెబ్బలు తగిలిన నర్తకులను జార్జ్ బాలంచిన్, మార్తా గ్రాహం వంటి మహామహులు ఆయన దగ్గరికే పంపేవారు.

రిఫార్మర్ లెక్కంతా స్ప్రింగులో ఉంది. జిమ్‌లో పది కిలోల బరువు మొదటినుంచి చివరిదాకా పది కిలోలే. స్ప్రింగు అలా కాదు. మొదట్లో తేలిగ్గా లొంగుతుంది, సాగేకొద్దీ ఎదురు తిరుగుతుంది. కండరం ఇంకా కుదురుకోని చోట భారం తక్కువ, కాలు చాపుతున్న కొద్దీ ఎక్కువ. తిరిగొచ్చేటప్పుడు బల్లను స్ప్రింగే లాగేస్తుంది కాబట్టి, అది దబ్బున తగలకుండా నిదానంగా ఆపుకోవాల్సింది మనమే. అసలు పని ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

స్ప్రింగు తీసేస్తే సులువవుతుందని చాలామంది అనుకుంటారు. వెల్లకిలా పడుకుని కాళ్లతో నెట్టేటప్పుడు అది నిజమే. కానీ చేతులు అడ్డకడ్డీ మీద, పాదాలు బల్ల మీద ఆనించి, ఒంటిని వాసంలా తిన్నగా ఉంచి బల్లను వెనక్కి జరపమంటే లెక్క తలకిందులవుతుంది. స్ప్రింగులు తగ్గించేకొద్దీ బల్ల జారిపోతుంది, దాన్ని పట్టి ఉంచాల్సిన భారం పొట్ట కండరాల మీద పడుతుంది. అందుకే 'తేలిక', 'కష్టం' అన్న మాటలకు ఈ యంత్రం మీద ఒక్కటే అర్థం ఉండదు. ఎవరు, ఏ భంగిమలో, ఏ నొప్పితో వచ్చారన్నది తెలియకుండా స్ప్రింగు పెట్టకూడదు.

మంచి టీచర్ మొదటి పది నిమిషాల్లో చూసేది ఇదే. కాళ్లతో నెట్టించి పక్కన నిలబడతారు. ఏ కాలు ముందు తోస్తోంది? మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా? నడుము బల్ల మీంచి లేస్తోందా? మెడ బిగుసుకున్నవారికి తలదిండు కాస్త ఎత్తుతారు, తుంటి పట్టేసినవారికి కడ్డీ తగ్గిస్తారు, పొడగరికి తాళ్లు వదులు చేస్తారు. ఎముకలు గుల్లబారినవారి చేత వెన్ను గట్టిగా వంచే కసరత్తులు చేయించరు.

జోసెఫ్ స్టూడియోలోనూ అంతే. ఒకే గదిలో ఎంతమంది ఉన్నా ఎవరి కసరత్తు వారిది. నర్తకి ఈవ్ జెంట్రీ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చేయి ఎత్తలేని స్థితిలో ఉంటే, ఓపిగ్గా సాధన చేయించి మళ్లీ కదలికలు తెప్పించాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ ఒక్క సంగతితోనే.

1967లో ఆయన పోయాక, శిష్యులు ఆయన పద్ధతిని అమెరికా అంతటా తీసుకెళ్లారు. పిలాటిస్ అన్న పేరు ఎవరి సొంతం అన్న తగవు కోర్టుకెక్కితే, 2000లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అది యోగా, కరాటేల్లాగే అందరిదీ అని తేల్చింది. దాంతో స్టూడియోలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. వాటితోపాటే వరసగా యంత్రాలు పేర్చి, ఒకే పాటకు అందరి చేతా ఒకే స్ప్రింగు పెట్టించే క్లాసులూ వచ్చాయి. ఖర్చు తగ్గడం మంచిదే. ఆరోగ్యవంతులకు అవి సరిపోతాయి కూడా. కానీ వెన్నునొప్పితో వెళ్లేవారికి మాత్రం కనీసం మొదటి కొన్నాళ్లు ఒక మనిషి పక్కన నిలబడి చూడాలని గట్టిగా చెబుతాను.

నడుం నొప్పిపై 2015లో కాక్రేన్ సంస్థ 10 ప్రయోగాలను, 510 మందిని కలిపి సమీక్షించింది. ఏమీ చేయనివారితో, కొద్దిపాటి చికిత్సే అందినవారితో పోలిస్తే పిలాటిస్ చేసినవారికి నొప్పి తగ్గింది. ఇతర వ్యాయామాల కన్నా ఇదే మేలు అనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. కాబట్టి నడకో, ఈతో, ఫిజియోథెరపిస్టు చెప్పిన కసరత్తో ఇప్పటికే పనిచేస్తుంటే దాన్ని మానుకుని రిఫార్మర్ వెంట పడనక్కర్లేదు. చేరదలచినవారు ఫీజు కన్నా ముందు అడగాల్సినది ఒకటుంది: నా పాత దెబ్బల గురించి, ఆపరేషన్ల గురించి ఎవరు రాసుకుంటారు, నా స్ప్రింగులు ఎవరు మారుస్తారు?