ఫాక్స్‌ప్రో కోడ్ బయటపెడితే మనకేంటి?

1990లలో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లు మీ ఇంట్లో ఉంటే అడిగి చూడండి. డాస్, లోటస్, డీబేస్ తర్వాత వాళ్లు చెప్పే పేరు ఫాక్స్‌ప్రో. జీతాల పట్టీలు, స్టాకు లెక్కలు, సభ్యుల ఖాతాలు... ఆఫీసుల్లో ఇలాంటివెన్నో అందులోనే రాశారు. మీ పాత సర్వీసు రికార్డో, సొసైటీ ఖాతానో ఇంకా అందులోనే ఉండిపోతే, ఈ చర్చ మీకూ సంబంధించిందే.

అమెరికాలోని ఒహాయోకు చెందిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ దీన్ని తయారుచేసింది. 1992లో ఆ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనేసింది. 2004లో వచ్చిన విజువల్ ఫాక్స్‌ప్రో 9 చివరిది. ఇక కొత్త వెర్షన్ రాదని 2007లో ప్రకటించగానే, 'మీకు అక్కర్లేకపోతే కోడ్ మాకివ్వండి' అని వాడకందార్లు అడిగారు. ఫాక్స్‌ప్రో భాషలోనే రాసిన కొన్ని అదనపు భాగాలను మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. అసలు ఇంజిన్‌ను మాత్రం ఇవ్వలేదు. అందులోని రష్‌మోర్ అనే వేగంగా వెతికే పద్ధతిని యాక్సెస్‌లోనూ వాడారు మరి. 2015 జనవరితో సపోర్ట్ కూడా ఆగిపోయింది.

ఇప్పుడు ఇస్తే లాభం ఉందా? కొంత ఉంది. ఒక్కో టేబుల్ 2 జీబీ దాటకూడదన్న పరిమితిని సడలించుకోవచ్చు, భద్రతా లోపాలు సరిచేసుకోవచ్చు. కానీ ఆ పని ఎవరు చేస్తారు? కోబాల్‌నే చూడండి. దానికి గ్నూకోబాల్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ కంపైలర్ ఉంది. అయినా 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసినవాళ్లు వచ్చి సాయం చేయాలని న్యూజెర్సీ గవర్నర్ అడగాల్సి వచ్చింది. కంపైలర్ ఉచితంగా దొరికినంత సులువుగా మనుషులు దొరకరు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఫాక్స్‌ప్రో డీబీఎఫ్ ఫైళ్లను లిబ్రేఆఫీస్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ తెరవొచ్చు. అంకెలు చక్కగా వస్తాయి. తెలుగు పేర్లు మాత్రం పిచ్చిగీతల్లా కనిపించవచ్చు. ఎందుకంటే డాస్ రోజుల్లో తెలుగును సీడాక్ వారి జిస్ట్ కార్డుతో, ఇస్కీ సంకేతాల్లో ఎక్కించేవారు. ఇప్పుడు మీ ఫోన్ చదివేది యూనికోడ్‌ను. ఒకదాన్నించి మరోదానికి మార్చాలి, మార్చాక ఒక్కో పేరూ సరిచూడాలి. మైక్రోసాఫ్ట్ రేపు మొత్తం కోడ్ ఇచ్చేసినా ఈ పని తప్పదు.

అందుకే నా దృష్టిలో మైక్రోసాఫ్ట్ కోడ్ కన్నా ముందు అడగాల్సింది ఆఫీసు సొంత ప్రోగ్రాము కోడ్ గురించి. అది శాఖ దగ్గర ఉందా, రాసిచ్చిన కాంట్రాక్టరుతోనే వెళ్లిపోయిందా? ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరిచి, ఇతర శాఖలూ వాడుకునేలా చేయాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. మీ రికార్డు ఏ ఫార్మాట్‌లో ఉంది, దాని ప్రోగ్రాము సోర్స్ కోడ్ ఎవరి దగ్గర ఉంది, తెలుగు వివరాలను యూనికోడ్‌లోకి మార్చారా అన్నవి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అప్పటి కాగితపు నకలు మీ దగ్గర ఉంటే మాత్రం పారేయకండి. పేరు తప్పు పడితే సరిచూసుకోవడానికి అదే దిక్కు.