వెండి పళ్ళెం కోసం అయిదేళ్ళు

1993 జూలై 3వ తేదీన వింబుల్డన్‌లో స్త్రీల సింగిల్సు ఫైనలు గెలిచినది స్టెఫీ గ్రాఫ్. ఈ సంగతి రికార్డు పుస్తకాలలో భద్రంగా ఉన్నది. అయితే ఆనాటి ఆటను చూచినవారిని ఎవరినైనా అడిగి చూడండి. గ్రాఫ్ గెలుపును గురించి వారు ముందుగా చెప్పరు. తెల్లని ఆటదుస్తులలో ఉన్న ఒక యువతి, రాజకుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ భుజం మీద తల వాల్చి, చిన్నపిల్లవలె వెక్కివెక్కి ఏడ్చిన దృశ్యాన్ని గురించి చెబుతారు. గెలిచినవారికంటె ఓడినవారు ఎక్కువగా జ్ఞాపకం ఉండిపోవడం లోకంలో అరుదు. మన భారతంలో కర్ణునికి, అభిమన్యునికి ఆ గౌరవం దక్కింది. ఆటస్థలంలో మాత్రం అది అంత సులభంగా దక్కేది కాదు.

ఆ యువతి పేరు జానా నొవోత్నా. 1968 అక్టోబరు 2న ఆనాటి చెకొస్లొవేకియాలోని బ్రనో నగరంలో పుట్టింది. ఆమె ఆటలో ఒక పాతకాలపు అందం ఉండేది. సర్వీసు చేయడం, చేసిన మరుక్షణమే నెట్టు దగ్గరకు పరుగెత్తడం, తిరిగివచ్చే బంతిని నేల తాకనీయకుండా గాలిలోనే అందుకొని అవతలి మూలకు నెట్టివేయడం ఆమె పద్ధతి. తక్కినవారిలో చాలమంది అప్పటికే వెనుకగీత దగ్గర కాళ్ళు పాతుకొని, బలమే ప్రధానంగా ఆడుతున్నారు. గడ్డి మీద బంతి ఎత్తుగా లేవదు, జారిపోతుంది. కనుక నొవోత్నా వంటివారి ఆటకు వింబుల్డన్ గడ్డిని మించిన చోటు లేదు. జంట ఆటలలో ఆమె మేటి. క్రీడాజీవితం ముగిసేనాటికి ప్రపంచంలోని నాలుగు పెద్ద పోటీలలో కలిపి మహిళల డబుల్సులో 12, మిక్సెడ్ డబుల్సులో 4 బిరుదులు ఆమెవి. ఒంటరిగా ఆడి గెలవడమే ఆమెకు అందని పండు.

ఆమెకు శిక్షణ ఇచ్చిన హానా మాండ్లికోవా కూడ సామాన్యురాలు కాదు. నాలుగు పెద్ద సింగిల్సు బిరుదులు గెలిచిన మనిషి. కాని 1981లోను, 1986లోను వింబుల్డన్ ఫైనలుదాకా వచ్చి, రెండుసార్లూ ఓడి వెళ్ళింది. తనకు దక్కనిది శిష్యురాలికైనా దక్కాలని కోరుకోని గురువు ఉంటాడా? ఈ పేజీ చదివే ఉపాధ్యాయులకు దానిని నేను విడమరచి చెప్పనక్కరలేదు.

టెన్నిస్ లెక్క తెలియని విద్యార్థుల కొరకు ఇక్కడ ఒక్క మాట. 15, 30, 40 అనే మెట్లు ఎక్కి, ఆపైన మరొక పాయింటు గెలిస్తే ఒక గేము. రెండు గేముల ఆధిక్యంతో ఆరు గేములు గెలిస్తే ఒక సెట్టు. స్త్రీల పోటీలో మూడింట రెండు సెట్లు గెలిచినవారిది ఆట. సర్వీసు చేసేవారికి ప్రతి పాయింటుకు రెండు అవకాశాలుంటాయి. రెండూ గురితప్పితే పాయింటు ఎదుటివారి ఖాతాలోకి పోతుంది. దీనినే డబుల్ ఫాల్టు అంటారు. ఎదుటివారు రాకెట్టు ఎత్తకుండానే మన చేతితో మనమే దానం చేసే పాయింటు అన్నమాట.

1993లో నొవోత్నా ఫైనలుకు రావడమే ఒక విశేషం. సెమీఫైనలులో ఆమె ఓడించినది తొమ్మిదిసార్లు వింబుల్డన్ గెలిచిన మార్టినా నవ్రతిలోవాను. ఫైనలులో గ్రాఫ్‌తో మొదటి సెట్టు 7-6గా కొద్దిలో చేజారింది. రెండవ సెట్టును 6-1తో ఆమె ఊడ్చివేసింది. మూడవ సెట్టులో 4-1 ఆధిక్యం. సర్వీసు ఆమెదే. ఆ గేములో 40-30. ఇక ఒక్క పాయింటు గెలిస్తే 5-1 అవుతుంది. అప్పుడు గ్రాఫ్ వంటి ధీరురాలు కూడ ఏమి చేయగలదు?

ఆ ఒక్క పాయింటుకు నొవోత్నా డబుల్ ఫాల్టు చేసింది. ఆ తరువాత వాలీ ఒకటి గురితప్పింది. తలమీదికి వచ్చిన తేలిక బంతి కూడ గురితప్పింది. గేము పోయింది. 4-3 వద్ద మళ్ళీ తన సర్వీసు వచ్చేసరికి ఆ ఒక్క గేములోనే మూడు డబుల్ ఫాల్టులు. వరుసగా అయిదు గేములు గ్రాఫ్‌వి. 6-4తో ఆట ముగిసింది.

ఆంగ్ల క్రీడావిలేకరుల వద్ద ఇటువంటివారికి వాడే మాట ఒకటి సిద్ధంగా ఉంటుంది. దానిని ‘చోక్’ అంటారు, గొంతులో ముద్ద అడ్డుపడినట్లు. మరునాటి నుండి ఆ మాట నొవోత్నా పేరుకు ఇంటిపేరువలె అంటుకున్నది. నాకు ఆ మాట ఏనాడూ నచ్చలేదు. టెన్నిస్‌లో తక్కిన దెబ్బలన్నీ వచ్చిన బంతికి జవాబులు. ఆలోచించే వ్యవధి ఉండదు, చేయి తనంతట తాను పని చేస్తుంది. సర్వీసు ఒక్కటే వేరు. చుట్టూ నిశ్శబ్దం. బంతి తన చేతిలోనే ఉంటుంది. ఎప్పుడు కొట్టాలో తానే నిర్ణయించాలి. భయం వచ్చి కూర్చోవడానికి అంతకంటె అనువైన పీట ఇంకొకటి లేదు. జవాబు తెలిసిన విద్యార్థి నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టుకొని నిలిచిపోవడం మనం చూడనిదా? అతనికి లెక్క రాదని ఎవరంటారు?

బహుమతి ప్రదానం మొదలైంది. ఆ రోజులలో సెంటర్ కోర్టులో రాజకుటుంబానికి వంగి నమస్కరించడం ఆటగాళ్ళకు నియమం. 2003 తరువాత దానిని చాలవరకు ఎత్తివేశారు. ఓడినవారు వచ్చి, చిన్న పళ్ళెం అందుకొని, చేయి కలిపి పక్కకు తప్పుకోవాలి. పళ్ళెం అందించవలసినవారు కెంట్ డచెస్ కేథరిన్. నొవోత్నా చిరునవ్వుతోనే వచ్చింది. డచెస్ మృదువుగా ఏదో అన్నారు. ఏదో ఒకనాడు నీవు తప్పక గెలుస్తావని అన్నారని నొవోత్నా తరువాత చెప్పుకున్నది. అంతే, కట్ట తెగింది. డచెస్ ఆమె తలను తన భుజానికి ఆనించుకొని నిలబడ్డారు. రాచమర్యాదల గ్రంథంలో ఇటువంటి పుట ఉండి ఉండదు.

అప్పుడు నేనొక చిన్న పట్టణంలో ఉపాధ్యాయుడను. శనివారం సాయంత్రం. టీవీ ఉన్న మా డ్రిల్లు మాస్టారి ఇంట పదిమందిమి చేరాము. మాస్టారికి పట్టరాని కోపం వచ్చింది. ‘గెలిచిన ఆటను పారవేసుకున్నదయ్యా!’ అని పడక కుర్చీ చేతిని చరిచారు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆయన భార్య మాత్రం, ‘ఏమండీ, ఆ పిల్ల తల్లి అక్కడ లేదా?’ అని అడిగారు. ఎవరమూ జవాబు చెప్పలేదు. కొంతసేపటికి ఆమె తానే, ‘పోనీలెండి, ఆవిడెవరో పట్టుకున్నది’ అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ ఇంటిలో ఎవరూ ఏనాడూ రాకెట్టు పట్టినవారు కారు.

మరునాడు పత్రికలన్నీ ఆ ఫొటోను అచ్చువేశాయి. దానిని చూచినప్పుడు తానే గెలిచినదాననన్న భావం కలిగిందని నొవోత్నా తరువాతి కాలంలో అన్నది. కాని మనుషుల ఆదరం వేరు, ఆట వేరు. 1995లో పారిస్‌లో చందా రూబిన్‌తో ఆడుతూ, మూడవ సెట్టులో 5-0, 40-0 దాకా వెళ్ళి, తొమ్మిది మ్యాచ్ పాయింట్లు చేజార్చుకొని ఓడింది. (పేరు మనవారి పేరువలె వినిపించినా ఆ రూబిన్ అమెరికా బాలిక.) ఎగతాళి రెట్టింపు అయింది. 1997లో మళ్ళీ వింబుల్డన్ ఫైనలు. ఎదుట పదహారేళ్ళ మార్టినా హింగిస్. మొదటి సెట్టు 6-2తో నొవోత్నాదే. తరువాతి రెండూ 6-3, 6-3తో హింగిస్‌వి. మళ్ళీ అదే చిన్న పళ్ళెం, అదే డచెస్. మూడవసారి గెలుపు నీదేనని ఆమె ధైర్యం చెప్పారట. ఈసారి నొవోత్నా నవ్వగలిగింది.

ఇరవయ్యెనిమిది దాటిన క్రీడాకారిణికి మూడవసారి వస్తుందని ఎవరు నమ్ముతారు? ఏటేటా పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు వచ్చి పడుతున్నారు. అయినా 1998లో ఆమె వచ్చింది. క్వార్టర్ ఫైనలులో వీనస్ విలియమ్స్‌ను 7-5, 7-6తో గెలిచింది. సెమీఫైనలులో కిందటి ఏటి విజేత హింగిస్‌ను 6-4, 6-4తో ఇంటికి పంపింది. ఇంటికి పంపింది అన్నది మాటవరసకే. ఆ హింగిసే ఆ ఏడు డబుల్సులో ఆమె జోడీ. వారిద్దరూ కలిసి ఆ వింబుల్డన్ డబుల్సు బిరుదును కూడ గెలిచారు.

జూలై 4, మళ్ళీ శనివారం. ఫైనలులో ఎదుట నతాలీ తోజియా. ఆమెకూ ముప్పయి ఏళ్ళు. 1925లో సుజాన్ లాంగ్లెన్ తరువాత వింబుల్డన్ ఫైనలు చేరిన మొదటి ఫ్రెంచి వనిత ఆమె. ఆమెకు కూడ అది జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశమే. అయినా ఆనాడు ఆమె గెలవాలని కోరుకున్నవారు ఫ్రాన్సు వెలుపల ఎందరుంటారు? ప్రేక్షకుల ప్రేమలో కొంత అన్యాయం ఎప్పుడూ ఉంటుంది. తోజియాను తలచుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది. (ఆమెకు చుట్టమైన దిదియే దెషాం ఎనిమిది రోజుల తరువాత ఫ్రాన్సు జట్టు నాయకుడుగా ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఎత్తాడు. ఆ కుటుంబానికి ఆ మాసం పూర్తిగా చేదు కాలేదని సంతోషం.)

మొదటి సెట్టు 6-4తో నొవోత్నాది. రెండవది 6-6 దాకా లాగి టైబ్రేకుకు వచ్చింది. మాస్టారు కుర్చీలోనుంచి లేచి వాకిటి తలుపు వెనుకకు వెళ్ళి నిలబడ్డారు. అయిదేళ్ళ కిందట కుర్చీ చరిచిన మనిషి, ఇప్పుడు చూడలేక, ‘ఎంతయింది? ఎంతయింది?’ అని అక్కడినుంచే అడుగుతున్నారు. ‘సర్వీసు ఎవరిది?’ అని ఇంకొక ప్రశ్న. ఆమెదే అని చెబితే కళ్ళు మూసుకునేవారు. టైబ్రేకు 7-2. ఈసారి చేయి వణకలేదు. మాస్టారు తలుపు వెనుకనుంచి వచ్చేసరికి నొవోత్నా ఏడుస్తున్నది. మాలో ఇద్దరు ముగ్గురు కూడ ముఖాలు పక్కకు త్రిప్పుకున్నారు.

ఆనాటికి ఆమె వయస్సు 29 సంవత్సరాల 9 నెలలు. 1968లో వృత్తి క్రీడాకారులకు కూడ ఈ పోటీల తలుపులు తెరిచిన తరువాత, అంత వయస్సులో తొలి సింగిల్సు బిరుదు గెలిచిన స్త్రీ అప్పటికి మరొకరు లేరు. సెంటర్ కోర్టులో వారంతా నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె వారి దేశస్థురాలు కాదు. ఆమె సొంత దేశమే 1993 జనవరిలో రెండుగా విడిపోయింది. అయినా ఆ ఇంగ్లీషు జనం ఆమెను తమ ఇంటిపిల్లవలె చూచుకున్నారు. దీనికి కారణం నాకు ఒకటే తోస్తున్నది. విజేతలను మనం దూరంనుంచి చూస్తాము. ఈమె ఓటమిని మాత్రం అందరమూ దగ్గరనుంచి చూచాము. ఆ భుజం ఆమెకు దొరికిన క్షణాన, ఆ భుజం మనది కాకపోయెనే అని ప్రతివారికీ అనిపించింది. అయిదేళ్ళు ఆమెతోపాటు మనమూ ఎదురుచూచాము. కనుక ఆ వెండి పళ్ళెంలో మనకూ కొంత వాటా ఉన్నదనుకున్నాము.

ఆ పెద్ద పళ్ళేన్ని చేతికి అందించినది ఆ డచెస్సే. ఈసారి ఇద్దరూ నవ్వుతున్నారు. మాస్టారి భార్య మళ్ళీ గుమ్మంలోనే నిలబడి, ‘ఆనాటి ఆవిడే గదండీ?’ అన్నారు. ‘అవునే’ అన్నారు మాస్టారు. ఇంతకంటె వ్యాఖ్యానం ఆ ఇంటిలో జరగలేదు. అందరికీ కాఫీ వచ్చింది.

1999లో నొవోత్నా పోటీల నుండి విరమించుకున్నది. 2005లో అంతర్జాతీయ టెన్నిస్ కీర్తిమందిరంలో ఆమెకు చోటు లభించింది. కాన్సరు వ్యాధితో 2017 నవంబరు 19న, 49వ ఏట మరణించింది. మరునాటి పత్రికలు పళ్ళెం ఎత్తిన బొమ్మను వేశాయి. దాని పక్కనే, కొన్నిటిలో దానికంటె పెద్దదిగా, 1993 నాటి బొమ్మను కూడ వేశాయి. కెంట్ డచెస్ 2025 సెప్టెంబరు 4న, 92వ ఏట పరమపదించినప్పుడు కూడ మొదట వెదకి తీసిన ఫొటో అదే.

ఆవిడను గురించి మన ఉపాధ్యాయులలో చాలమందికి తెలియని సంగతి ఇంకొకటి ఉన్నది. 1990ల నడుమనుండి దాదాపు 13 ఏళ్ళపాటు ఆమె ఉత్తర ఇంగ్లాండులోని హల్ నగరంలో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళి పిల్లలకు సంగీతం నేర్పారు. బిరుదు లేదు, ఆర్భాటం లేదు. అంటే నొవోత్నాకు పళ్ళెం అందించేనాటికే ఆమె పంతులమ్మ. బడిలో ఆమెను ‘మిసెస్ కెంట్’ అని పిలిచేవారు. ఆమె ఎవరో ప్రధానోపాధ్యాయురాలికి తెలుసు. పిల్లలకు తెలియదు.