బొరుగుల అంగడి

ఇటలీ దేశపు పట్టణములలో తరతరములుగా ఒకే కుటుంబమువారు నడుపు తినుబండారముల అంగళ్లు కలవు. ఉప్పులో ఊరి ఆరిన పందితొడలు, జున్నుగడ్డలు అచ్చటి దూలములకు వ్రేలాడుచుండును. అమెరికాకు వలసపోయినవారు న్యూయార్కు నగరమునను అట్టివానిని నెలకొల్పిరి. మన అనంతపుర మండలమున వానికి సాటి యేది యని యడిగినచో, బొరుగుల అంగడి యని మేము చెప్పుదుము. రెండుచోట్లను విద్య యొకటియే: పదార్థమందలి తడిని అదుపులో నుంచి నిలువచేయుట.

ఈ పీఠభూమిపై సాలీనా కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వాన తూర్పుతీరము దాటి ఇచ్చటికి చేరునప్పటికి బలము తఱిగిపోవును. ఇట్టి మెట్టసీమలో చేనికి పోవువానికి, సంతకు నడచువానికి, పొయ్యి వెలిగింపకయే తినదగినదియు, చెడనిదియునగు ఆహారము కావలెను. బొరుగులు, వేయించిన పప్పులు, చెనక్కాయలు, బెల్లపుముక్క కొంగున మూటగట్టుకొన్నచో పూట గడచును.

అంగడి ముందు బేరము, వెనుక బట్టి. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, బియ్యము చేయుదురు. ఉడుకుటచే గింజలోని పిండిపదార్థము మెత్తబడి, ఆరినపిదప బిగియును. ఆ బియ్యమునకు ఉప్పునీరు పట్టించి, ఇంచుక తడి మాత్రమే మిగులునట్లు ఆరనిత్తురు. తడి ఎక్కువైన గింజ సరిగా పొంగదు, తక్కువైన మాడును. పాతకాలపు బట్టిలో దానిని కొలుచు పరికరము లేదు. ఇంటి పెద్దలు గుప్పెడు బియ్యము పిడికిట నొక్కి చెప్పుదురు.

పిమ్మట బాణలిలోని ఇసుక 250 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరువగా కాగినప్పుడు బియ్యము వేయుదురు. నీరు ఆవిరియైనచో వేయిరెట్లకు పైగా వ్యాపించునని మన విద్యార్థులు చదివియున్నారు. గింజలోపలి తడి ఆవిరియై, వెడలుటకు దారిలేక, పిండిని నలుదెసల ఉబ్బించును. 10 సెకండ్లలో గింజ 8 లేక 10 రెట్లగును. ఇసుక యేల? పెనము గింజను ఒక ప్రక్కనే తాకును. ఇసుక అన్నివైపుల చుట్టుకొనును. వెంటనే జల్లెడ పట్టవలెను, ఆలస్యమైన నల్లబడును.

కోస్తావారు వీనిని మరమరాలందురు. కన్నడిగులు మండక్కి యందురు. దావణగెరె వీనికి పేరుపొందిన పట్టణము. నీట తడిపి పిండి, తాలింపు వేసి, పప్పులపొడి చల్లినచో ఉగ్గాని యగును. మిరపకాయ బజ్జి లేని ఉగ్గాని ఉగ్గానియే కాదని మా యభిప్రాయము. ఒప్పనివారు మన్నింతురు గాక.

గంప నిండిన బొరుగులు తూకమున స్వల్పము. లాభము అంతకంటె స్వల్పము. ఇంటిల్లిపాదియు చేయివేసిననే గిట్టును. బాలకార్మికుల చట్టమునకు 2016లో జరిగిన సవరణ ప్రకారము 14 ఏండ్లలోపు పిల్లలు బడివేళలు కానప్పుడు, అపాయకరము కాని ఇంటి వృత్తిలో మాత్రమే తోడ్పడవచ్చును. బొరుగులు కొలిచి యిచ్చుట, లెక్క వ్రాయుట వేఱు. పొగలో కాగిన ఇసుక యెదుట నిలుచుట వేఱు. పిల్లలు బడికి వచ్చిన ఇంట బట్టికి చేతులు తక్కువగును. శక్తిగలవారు విద్యుచ్ఛక్తితో తిరుగు యంత్రము కొనుచున్నారు. లేనివారు బట్టి ఆర్పి, ఇతరులు వేయించిన బస్తాలు తెచ్చి అమ్ముదురు. అప్పుడు అంగడి నిలుచును గాని, పిడికిట నొక్కి తడి చెప్పు నేర్పు ఆ ఇంట ఒక తరముతో ఆగిపోవును.